చూరు గట్టర్లు: తుప్పు పట్టే తీరు, బాగుచేసే తీరు

వాలుకప్పు మీద పడిన వాననీటిని చూరు వెంట పట్టుకుని గొట్టం దాకా చేర్చే కాలువను గట్టర్ అంటారు. జింకు పూత వేసిన ఉక్కు రేకు, పోత ఇనుము, అల్యూమినియం, రాగి, జింకు, సీసం ఈ పనికి వాడుతున్న లోహాలు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది మొదటిది. దాన్నే జి.ఐ. రేకు అనీ, జింకు రేకు అనీ అంటారు. గట్టర్ పాడైనప్పుడు ఆ సంగతి ముందుగా చెప్పేది ఇల్లే. గోడ మీద చెమ్మ పాకుతుంది, సున్నం పొక్కులు లేస్తుంది, వాసాల కొసలు మెత్తబడతాయి, ఆ చెమ్మకు చెదలు చేరతాయి. మట్టిగోడల ఇల్లయితే ఒక్క వర్షాకాలం కారినా గోడ అడుగు కరిగిపోతుంది.

వాన పడబట్టే తుప్పు పడుతుందన్నది అందరికీ ఉన్న అభిప్రాయం. నిజానికి పారిపోయే వాన చేసే చెరుపు తక్కువ. ఆగిపోయిన నీరు, ఆ నీటిని పట్టి ఉంచే చెత్త చేసే చెరుపు ఎక్కువ. అందుకని చిల్లు ఎక్కడ పడిందో వెతకడంతో పాటు, అక్కడ నీరు ఎందుకు నిలిచిందో కూడా వెతకాలి. వేసిన మాటు ఏడాది తిరక్కుండానే ఊడిపోవడానికి చాలాసార్లు కారణం ఈ రెండో పని చేయకపోవడమే.

లోహాలు, వాటి వెనక కథ

ఐరోపాలో మధ్యయుగపు చర్చీల కప్పులకు సీసపు కాలువలు ఉండేవి. మెత్తగా ఉండి ఎటు వంచితే అటు వంగే లోహం కాబట్టి మూలల్లో, మలుపుల్లో అది బాగా ఇమిడింది. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో పోత ఇనుము చవకై, వరసగా కట్టిన ఇళ్లన్నిటికీ నల్లరంగు పూసిన ఇనుప గట్టర్లు వచ్చాయి. బ్రిటిష్ కాలంలో కట్టిన మన రైల్వే స్టేషన్లలో, బంగళాల్లో కొన్నిటికి ఆ పోత ఇనుప గొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

రేకు గట్టర్ పుట్టడానికి మూడు మెట్లు దాటాల్సి వచ్చింది. సముద్రపు నీటిలో రాగిని కాపాడాలంటే దానికి జింకునో ఇనుమునో అంటించి పెడితే చాలని రసాయనవేత్త హంఫ్రీ డేవీ 1824లో రాయల్ సొసైటీకి చూపించాడు. అంటించిన లోహం తాను కరిగిపోతూ రాగిని నిలబెడుతుంది. లండన్ రేవుల్లో ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ పామర్ 1829లో అలల రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ 1837లో, కరిగిన జింకులో ఇనుమును ముంచి పూత పట్టించే పద్ధతికి పేటెంటు పొందాడు. ఈ మూడూ కలవడంతో 19వ శతాబ్దం రెండో సగంలో గోదాములు, మిల్లులు, రేవు షెడ్లు, తోటల బంగళాలు రేకు కప్పుల కిందికి వచ్చాయి. పారిస్‌లో మాత్రం పూతగా కాక జింకునే రేకుగా వాడారు. 1853 తర్వాత హోస్మన్ ఆ నగరాన్ని తిరగ కట్టించినప్పుడు జింకు కప్పులు పెద్దఎత్తున వచ్చాయి. ఆ కప్పుల పనివాళ్ల నేర్పును యునెస్కో 2024 డిసెంబరులో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. రేకు వంచి, అంచు మడిచి, టంకం పెట్టే పనికి అంతటి గౌరవం దక్కడం న్యాయమే. మన ఊళ్లలో అదే పని చేసేవాళ్లకు రోజుకూలి తప్ప మరో గుర్తింపు లేదు.

1972లో అమెరికాలోని బెత్‌లెహెమ్ స్టీల్ కంపెనీ 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ కలిపిన పూతను గాల్వల్యూమ్ పేరుతో బజారులోకి తెచ్చింది. ఇప్పుడు మనకు దొరికే రంగు రేకుల్లో చాలావాటికి అడుగున ఉన్నది ఈ తరహా పూతే. దానితో వచ్చే చిక్కులు కింద వస్తాయి.

మన కప్పుల తీరు

కోనసీమలో, కృష్ణా గోదావరి డెల్టా ఊళ్లలో మిగిలిన మండువా లోగిళ్లలో గట్టర్ సమస్య ప్రత్యేకమైనది. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి, నడుమనున్న మండువాలోకి నీటిని వదులుతాయి. రెండు వాలులు కలిసే నాలుగు లోపలి మూలల్లో పెంకులు పేర్చడం కుదరదు కాబట్టి అక్కడ రేకును దోనెలా వంచి పరుస్తారు. రెండు వాలుల నీరూ ఆ ఒక్క రేకు మీదుగానే దిగాలి. నాటు పెంకులైనా, బెంగుళూరు పెంకులైనా, పగిలితే ఒకటి తీసి మరొకటి పెట్టుకోవచ్చు. మూల రేకు పోతే దాని మీదికి వచ్చిన పెంకులన్నీ లేపాలి. అందుకే ఆ పని ఏళ్లకేళ్లు వాయిదా పడుతుంది. ఈలోగా కింది మూలవాసం పుచ్చిపోతుంది. పాత మండువా ఇళ్లు కూలడం మొదలయ్యే చోట్లలో ఈ మూలలు ముఖ్యమైనవి.

మిల్లులు, గోదాములు, కోళ్ల ఫారాల షెడ్లలో ఇంకో రకం ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు కప్పుల మధ్య పల్లంలో పెట్టె ఆకారంలో గట్టర్ నడుస్తుంది. చూరు గట్టర్ కారితే నీరు బయట పడుతుంది. ఈ నడిమి గట్టర్ కారితే ధాన్యం బస్తాల మీద, పొగాకు బేళ్ల మీద పడుతుంది. బియ్యం మిల్లుల్లో ఊక దుమ్ము, చక్కెర మిల్లుల్లో పిప్పి బూడిద ఈ కాలువల్లో పేరుకుని, తొలకరికి తడిసి ముద్దకడతాయి. కట్టేటప్పుడే నడిమి గట్టర్‌కు మందపు రేకు, పొంగితే బయటికి పోయే దారి పెట్టడం ఇంజనీర్లు చెప్పే మొదటి మాట. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు చాలా చోట్ల ముందుగా ఎగిరిపోయేవి కూడా ఇవే.

ఒక మి.మీ. వాన ఒక చదరపు మీటరు మీద పడితే లీటరు నీళ్లవుతుంది. 50 చదరపు మీటర్ల కప్పు మీద గంటకు 60 మి.మీ. చొప్పున వాన కొడితే గట్టర్‌లోకి నిమిషానికి 50 లీటర్లు వస్తాయి. తుపాను వానలో అంతకన్నా ఎక్కువే రావచ్చు. గొట్టం నోరు ఆకులతో సగం మూసుకుంటే ఆ నీరు వెనక్కి ఎక్కి, గోడ పక్కన పొర్లుతుంది.

తుప్పు ఎలా పుడుతుంది

ఇనుముకు తుప్పు పట్టడానికి నీరూ కావాలి, ఆక్సిజనూ కావాలి. రెండిటిలో ఏది లేకున్నా పట్టదు. తడి లోహం మీద ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి కరుగుతుంది, ఇంకోచోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. రెండు చోట్ల మధ్య చిన్న విద్యుత్తు ప్రవహిస్తుంది. కేంబ్రిడ్జిలో పనిచేసిన యులిక్ ఎవాన్స్ ఉప్పునీటి బొట్టు ఒకటి ఇనుము మీద ఉంచి దీన్ని స్పష్టంగా చూపించాడు. బొట్టు అంచున గాలి తేలికగా అందుతుంది, నడుమ అందదు. కరిగేది నడిమి ఇనుము. గాలి తక్కువున్న చోటే లోహం పోతుందన్న ఈ ఒక్క సూత్రం గట్టర్లలో పడే చిల్లులకు మూలం. తడి ఆకుల ముద్ద కింద గాలి ఆడదు, దాని చుట్టూ ఆడుతుంది. ముద్ద తీసి చూస్తే కింద రేకు గుంటలు పడి ఉంటుంది, పక్కనున్న రేకు బాగానే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కిన అతుకుల సందుల్లో, క్లాంపుల కింద జరిగేదీ ఇదే.

గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు ఒక్కసారిగా ఊపందుకుంటుందని వెర్నన్ అనే బ్రిటిష్ రసాయనవేత్త 20వ శతాబ్దం తొలి భాగంలో గుర్తించాడు. ఉప్పు ఉంటే ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. సముద్రపు ఉప్పులో కొద్దిగా ఉండే మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం తేమకే గాలిలోని నీటిని లాగి ద్రవమైపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరాల్లో వాన లేని రోజున కూడా రేకు తడిగా ఉండటానికి కారణమిదే. అలలు విరిగే చోటు నుంచి కొన్ని వందల మీటర్లు లోపలికి వస్తే గాలిలోని ఉప్పు బాగా తగ్గుతుంది. అందుకని ఒకే ఊళ్లో బీచి రోడ్డు ఇంటికి, ఊరి నడిబొడ్డు ఇంటికి ఒకే లెక్క పనికిరాదు.

ఇక్కడొక విశేషం గమనించాలి. వాన ఉప్పును కడిగేస్తుంది కూడా. గట్టర్‌కు వాన తగలని చోట్లు, అంటే వెనక గోడవైపు ముఖం, అడుగు, చూరు నీడలో ఉన్న క్లాంపులు, ఎప్పుడూ కడగబడవు. ఉప్పు ఏడాది పొడుగునా అక్కడే పోగవుతుంది. కింద నిలబడి చూసేవాళ్లకు ముందువైపు నిగనిగలాడుతూ కనిపించే గట్టర్, వెనకవైపు పొరలు పొరలుగా ఊడుతూ ఉండవచ్చు. రంగు వేసే బ్రష్ కూడా ఆ వెనక్కి పోదు. పోత ఇనుప గట్టర్లు చాలాసార్లు వెనక నుంచే పోవడానికి ఇదే కారణం.

జింకు పూత రెండు విధాల కాపాడుతుంది. మొదట అడ్డుగోడగా నిలుస్తుంది. గీతపడి ఉక్కు బయటపడితే, డేవీ చూపించినట్టు తానే కరుగుతూ ఉక్కును కాపాడుతుంది. ఈ రెండో రక్షణ రేకు కోసిన అంచున ఒకటి రెండు మి.మీ. మేరకు పనిచేస్తుంది, అంతకన్నా వెడల్పు గాయాన్ని ఆదుకోలేదు. జింకు తన మీద తాను జింకు కార్బొనేటు పొర కట్టుకుంటుంది. ఆ పొర గట్టిపడాలంటే తడిసిన రేకు మళ్లీ ఆరాలి. తడుస్తూ ఆరుతూ ఉన్న జింకు దశాబ్దాలు బతుకుతుంది. నీటిలో నానుతూ ఉన్న జింకు తెల్ల పొడిగా మారి రాలిపోతుంది. కొట్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన కొత్త రేకుల మధ్య చెమ్మ చేరినా ఇదే తెల్ల తుప్పు పుడుతుంది. కొనేటప్పుడు మచ్చలున్న రేకును వద్దనడమే మంచిది.

లెక్క చూస్తే ఈ రక్షణ ఎంత పలచనిదో తెలుస్తుంది. మంచి రకంగా అమ్మే 275 గ్రాముల పూత అంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు. ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లు. 120 గ్రాముల రేకైతే ఒక్కో వైపు 9 మైక్రాన్లు కూడా రాదు. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 9223 ప్రకారం మధ్యస్థమైన వాతావరణంలో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు, తీవ్రమైన తీరప్రాంత వాతావరణంలో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుంది. మొదటి చోట 20 మైక్రాన్ల పూత పదేళ్ల నుంచి పాతికేళ్ల పైన వస్తుంది. రెండో చోట అదే పూత అయిదేళ్లు కూడా నిలవదు. ఇవి గాలికి బాహాటంగా ఉన్న రేకు లెక్కలు. బురద పట్టిన గట్టర్ అడుగుకు ఇంకా తక్కువ.

చెట్ల సంగతి వేరుగా చెప్పాలి. వేప, మామిడి ఆకులు కుళ్లి పులిసిన రసం దిగుతుంది. చింతాకు మరీ చిక్కు, అంత సన్నని ఆకు ఏ జాలీ నుంచైనా జారిపోయి అడుగున మెత్తని పొరగా పరుచుకుంటుంది. పిట్టలు వేసిన రావి గింజ ఆ మట్టిలో మొలిచి వేళ్లతో అతుకును విడదీస్తుంది. కోనసీమలో కొబ్బరి మట్ట పడితే గట్టర్ సొట్టపోతుంది, ఆ సొట్టలో గుక్కెడు నీరు నిలిచిపోతుంది. రెండు మూడేళ్లకు చిల్లు సరిగ్గా అక్కడే పడుతుంది. నిచ్చెనను గట్టర్‌కు ఆనించి ఎక్కినా ఇలాంటి సొట్టే పడుతుంది.

కట్టడంలో దాగిన కారణాలు

శుభ్రంగా ఉంచినా గట్టర్ పోతోందంటే కారణం దాని పొరుగున ఉందని అనుమానించాలి.

రాగిని తాకి వచ్చిన నీరు జింకు మీద, అల్యూమినియం మీద పడకూడదు. ఆ నీటిలో కంటికి కనిపించనంత రాగి ఉన్నా, అది రేకు మీద చేరి చుట్టూ ఉన్న జింకును తినిపిస్తుంది. తిరుగుదారిలో, అంటే జింకు మీది నీరు రాగి మీద పడితే, ప్రమాదం లేదు. మన ఇళ్లలో ఇది ఏ.సి. రూపంలో వచ్చింది. ఏ.సి. గొట్టం నుంచి కారే నీరు రాగి చుట్టల మీదుగా వస్తుంది. ఆ గొట్టాన్ని రేకు మీదికో గట్టర్‌లోకో వదిలితే, వేసవి అంతా, అంటే వాన లేని కాలంలో కూడా, ఆ చోటు తడిగా ఉండి ముందు అక్కడే పోతుంది. గొట్టాన్ని నేరుగా నేలకు దింపడం పైసా ఖర్చు లేని నివారణ.

సిమెంటు మరో శత్రువు. తడి సిమెంటు క్షారగుణం జింకునూ అల్యూమినియాన్నీ కరిగిస్తుంది. మండువా మూల రేకు అంచును గచ్చులో పూడ్చి మీద సిమెంటు మెత్తడం మామూలుగా చేసే పని. చెమ్మ పట్టిన ప్రతిసారీ ఆ అంచు కొంత పోతుంది. రేకు అంచును మడిచి, గోడకు వేరే పట్టీ కొట్టి, సందును సీలెంటుతో మూయడం సరైన పద్ధతి.

పెద్దగా ఎవరూ పట్టించుకోని కారణం ఒకటుంది. పాత జింకు రేకు కప్పు మీద పడిన వాన, కప్పు మీదుగా వస్తూ కొంత జింకును కలుపుకుని, మెత్తబడి గట్టర్‌లోకి దిగుతుంది. కప్పు మార్చి రంగు రేకులో, గాల్వల్యూమ్ రేకులో, ప్లాస్టిక్ షీట్లో వేస్తే వాటి నుంచి కలిసేది దాదాపు ఏమీ లేదు. వాన దురుసుగానే గట్టర్‌కు చేరి, ప్రతి అల కొస నుంచి బొట్లు పడే చోట జింకును తొలుస్తుంది. పాత జి.ఐ. గట్టర్ ఉంచి కప్పు మాత్రం కొత్తది వేయించుకున్నవాళ్లకు, గట్టర్ అడుగున వరసగా చుక్కల్లా తుప్పు కనిపిస్తే అర్థం ఇదే. ఆస్ట్రేలియాలోని రేకుల తయారీదారులు ఈ జోడీని వద్దని స్పష్టంగానే రాసి ఇస్తారు. ఊరూరా డాబాల మీద రంగు రేకులు లేస్తున్న ఈ రోజుల్లో మన పనివాళ్లకు కూడా ఈ మాట చేరాలి. కప్పు మారిస్తే గట్టర్ కూడా అదే జాతి రేకుతో మార్చాలి.

గాల్వల్యూమ్‌కూ హద్దులున్నాయి. పశువుల కొట్టాలు, కోళ్ల ఫారాల్లో పైకి లేచే అమ్మోనియా చెమ్మతో కలిసి దాన్ని తినేస్తుంది. దాని మీద సీసపు పట్టీలు, రాగి మేకులు కూడదు.

మిగిలినవి క్లుప్తంగా. రేకు కోసినప్పుడు, చిల్లులు వేసినప్పుడు రాలిన ఇనుప రజను ఊడ్చకపోతే అదే తుప్పు మచ్చ అవుతుంది. ఎండకు చిట్లిన తారు మీదుగా వచ్చే నీరు ఆమ్లమై జింకును తింటుంది. బొగ్గు కాల్చే పరిశ్రమల గంధకపు పొగ జింకుకు పడదు. ఐరోపాలో గాలిలోని గంధకం తగ్గాక జింకు ఆయుష్షు పెరిగింది.

పరీక్ష

గట్టర్‌ను చూడాల్సింది వాన కురుస్తుండగా, గొడుగు పట్టుకుని కింద నుంచి. ఎక్కడ పొర్లుతోంది, ఎక్కడ బొట్లు కారుతున్నాయి, గొట్టం నుంచి ధార సరిగా వస్తోందా అన్నవి ఎండలో తెలియవు. వాన వెలిసిన గంటకు పైకెక్కి చూస్తే ఇంకా నీరు నిలిచిన చోట్లు కనిపిస్తాయి. వాటికి సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

వాలు సరిచూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు. పది అడుగులకు కనీసం పావు అంగుళం, వీలైతే అర అంగుళం వాలు గొట్టం వైపు ఉండాలి. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో అడుగును, అతుకులను, వెనక ముఖాన్ని నొక్కి చూడాలి. టంగుమంటే బతికున్నట్టు. మెత్తగా దిగితే ఆ ముక్క అయిపోయినట్టే, మీద ఎన్ని పూతలు పూసినా లాభం లేదు.

రంగును బట్టి దశ తెలుస్తుంది. మెరుపు పోయి బూడిదరంగుకు తిరగడం జింకు ఆరోగ్యంగా ఉన్న గుర్తు. తెల్ల పొడి రాలుతుంటే జింకు పోతోంది. గోధుమరంగు చుక్కలు మొదలైతే జింకు అయిపోయి ఉక్కు బయటపడింది. ఈ చుక్కల దశే మరమ్మతుకు మంచి అదను. అప్పుడు ఒక పూట పని, ఒక డబ్బా రంగు సరిపోతుంది. చిల్లు పడేదాకా ఆగితే అంతకు ఎన్నో రెట్లవుతుంది.

మరమ్మతు

రోహిణి కార్తెలో, మృగశిర రాకముందే ఈ పని ముగించుకోవడం తెలుగునాట వాతావరణానికి సరిపోతుంది. కోస్తాలో అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వాన ఉంటుంది కాబట్టి సెప్టెంబరు చివర్లో మరోసారి శుభ్రం చేసుకోవాలి. మే మధ్యాహ్నపు రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు పూసిన రంగు అడుగు అంటుకోకముందే పైన ఆరిపోయి బుడగలు లేస్తుంది. కాబట్టి పూత పని ఉదయం చల్లని పూట పెట్టుకోవాలి.

ముందు మట్టీ ఆకులూ తీసి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తీరప్రాంతంలో ఈ కడగడం రెండుసార్లు చేయాలి, ఉప్పు మీద వేసిన ఏ పూతా నిలవదు. తర్వాత వాలు సరిచేయాలి. వంగిన క్లాంపులను నిటారు చేసి, మరీ ఎడంగా ఉంటే నడుమ కొత్తవి కొట్టాలి. సొట్టలను కింద చెక్క దిమ్మ ఆనించి, కొయ్య సుత్తితో మెల్లగా తట్టి సమం చేయాలి. ఇంతవరకు చిల్లుల జోలికి పోకూడదు.

వదులు తుప్పును తీగ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో గీకాలి. గ్రైండరు వాడితే మిగిలిన జింకు కూడా పోతుంది, ఎగిరిన నిప్పురవ్వలు మంచి రేకు మీద పడి కొత్త మచ్చలు పెడతాయి. గట్టిగా పట్టిన తుప్పు మీద టానిక్ ఆమ్లంతోనో ఫాస్ఫారిక్ ఆమ్లంతోనో చేసిన తుప్పు మార్పిడి ద్రవం పూస్తే అది నల్లబడి గట్టిపొరవుతుంది. దాని మీద జింకు పొడి ఎక్కువగా ఉన్న ప్రైమర్ వేయాలనుకుంటే మాత్రం ద్రవం వాడకూడదు. జింకు ప్రైమర్ పనిచేయాలంటే అది శుభ్రమైన ఉక్కును తాకాలి. రెండిటిలో ఏదో ఒక దారి ఎంచుకోవాలి.

జింకు మిగిలి ఉన్న రేకు మీద మామూలు ఎనామిల్ రంగును నేరుగా వేయడం మన దగ్గర చాలా ఎక్కువగా జరిగే పొరపాటు. అందులోని నూనె, జింకుతో కలిసి సబ్బులా మారి, రంగు ఏడాదికే పొలుసులుగా లేస్తుంది. ముందు జింకు రేకు కోసమే చేసిన ప్రైమర్ వేసి, ఆ మీద ఏ రంగైనా వేసుకోవచ్చు.

చిల్లు సూది మొనంత ఉంటే టంకం చాలు. రూపాయి బిళ్లంత ఉంటే మాటు వేయాలి. అడుగంతా జల్లెడైతే ఆ ముక్క మొత్తం మార్చడమే పొదుపు. మాటు రేకు గట్టర్ లోహంలోనిదే కావాలి, చిల్లు కన్నా అన్ని వైపులా కనీసం రెండు అంగుళాలు ఎక్కువుండాలి, లోపలి వైపు నుంచి వేయాలి. బిందెలకు మాట్లు వేసే పాతకాలపు పనివాడి పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. చోటును తెల్లగా మెరిసేలా గీకి, జింకు క్లోరైడు ద్రవం పూసి, కాల్చిన రాగి మొన కడ్డీతో తగరం సీసం కలిసిన టంకాన్ని సందులోకి పారించాలి. ఆ వాననీటిని తాగడానికి పట్టుకునే ఇల్లయితే సీసం లేని టంకమే వాడాలి. పని అయ్యాక ఆ ద్రవాన్ని నీళ్లతో బాగా కడిగేయాలి, మిగిలిపోతే అదే కొత్త తుప్పు తెస్తుంది.

టంకం పెట్టేవాళ్లు దొరకని చోట సీలెంటుతో మాటు అంటించవచ్చు. బ్యూటైల్ పట్టీ, పాలియురెథేన్ సీలెంటు మంచివి. సిలికాన్ వాడితే వాసన చూడాలి. వెనిగర్‌లా ఘాటుగా ఉందంటే అది ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదిలే రకం, జింకును తింటుంది. ఆమ్లం వదలని రకమే కొనాలి. రివెట్లు కొడితే అల్యూమినియంవి పక్కల్లో కొట్టాలి, అడుగున నీరు నడిచే దారిలో కొత్త చిల్లులు పెట్టకూడదు. అతుకుల్లో ఎగువ ముక్క కొస దిగువ ముక్క లోపల ఉండాలి. ఇది తలకిందులైతే ఏ సీలెంటూ ఆపలేదు.

తారు గుడ్డ పరిచి మీద తారు పూయడం చవకగా కనిపించే దారి. ఎండకు అది చిట్లుతుంది, కిందికి దిగిన నీరు పైకి ఆరలేదు, మూతవేసినట్టున్న ఆ చీకట్లో రేకు కనపడకుండా పోతుంది. ఒక్క సీజను గడిపించడానికి తప్ప దాన్ని మరమ్మతుగా లెక్కించలేం. నడిమి గట్టర్లను రేకు మార్చకుండా కాపాడాలంటే రబ్బరు పొరను అతుకు లేకుండా ఒకే ముక్కగా పరచడం, లేదా గాజునార గుడ్డతో రెజిన్ పూత వేయడం మేలు. గాజునార పూతకు కింది రేకు కదలకుండా గట్టిగా ఉండాలి.

పోత ఇనుప గట్టర్లను వీలైతే కిందికి దించి, నాలుగు వైపులా గీకి, రంగు వేసి మళ్లీ ఎక్కించాలి. అతుకుల్లోని పాత పుట్టీని తీసి కొత్త సీలెంటు పెట్టి, కొత్త బోల్టులు బిగించాలి. పగిలిన పోత ఇనుమును వెల్డింగు చేస్తే పక్కన మళ్లీ పగులుతుంది. బ్రిటన్‌లో పాత కట్టడాల పరిరక్షణ కోసం విలియం మోరిస్ 1877లో స్థాపించిన సంఘం ఏటా గట్టర్ల దినం ఒకటి జరిపి, ఇళ్లవాళ్లను ఆ రోజున వాటిని శుభ్రం చేయమని గుర్తుచేస్తుంది. పాత కట్టడాలను కాపాడటంలో మరమ్మతు కన్నా ఈ ఏటేటి శుభ్రత ఎక్కువ పనిచేస్తుందన్నది వాళ్ల నమ్మకం. మన మండువా లోగిళ్లకు కూడా ఇది అక్షరాలా వర్తిస్తుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లకు ఎక్కువగా ఉండేది ఇంటి దగ్గరే యంత్రంతో అతుకు లేకుండా చుట్టి బిగించే అల్యూమినియం గట్టర్. దానికి ఎర్ర తుప్పు పట్టదు. మూలల్లో సీలెంటు పోయి కారడం, ఉప్పుగాలికి గుంటలు పడటం దాని జబ్బులు. అక్కడ 2004 నుంచి ఇళ్లకు వాడే మందుపెట్టిన కలపలో చాలావరకు రాగి మందే ఉంటుంది. అలాంటి పలకకు అల్యూమినియాన్ని నేరుగా ఆనిస్తే చెమ్మలో లోహం పోతుంది, మధ్యలో పొర ఒకటి పెట్టాలి.

పనిలో ప్రమాదాలు

ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల కప్పు మీద నేరుగా అడుగు పెట్టకూడదు. చూడటానికి గట్టిగా ఉన్నా అవి హఠాత్తుగా విరిగి మనిషిని కిందికి వదులుతాయి. గట్టర్ శుభ్రం చేయడానికి ఎక్కి ఇలా పడి ప్రాణాలు పోగొట్టుకున్న కూలీల వార్తలు వస్తూనే ఉంటాయి. కింద దూలాల మీద ఆనేలా పొడవాటి పలకలు పరిచి, నడుముకు తాడు కట్టుకుని, వాటి మీదే నడవాలి. చూరు పక్కనే వెళ్లే కరెంటు తీగకు ఇనుప నిచ్చెన తగలకుండా చూసుకోవాలి. జింకు పూత ఉన్న రేకును వెల్డింగు చేస్తే లేచే తెల్లపొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, గాలి ఆడే చోట, పూత గీకి మాత్రమే చేయాలి. పాత పోత ఇనుము మీది రంగుల్లో ఎర్ర సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పి.పి.ఎం.కు పరిమితం చేసిన నియమాలు మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చాయి. అలాంటి రంగును తడిపి గీకి, ఆ చెత్తను పిల్లలు ఆడుకునే మట్టిలో కలవకుండా తీసేయాలి.

మార్చేటప్పుడు

పొడవులో మూడో వంతుకు మించి మెత్తబడితే మార్చడమే మంచిదని ఈ రచయిత అభిప్రాయం. తీరానికి దగ్గరైతే పూత ఎక్కువున్న రేకు తీసుకుని, బిగించక ముందే, వెనక ముఖం చేతికి అందుతుండగానే, రెండు వైపులా రంగు వేయించాలి. ఒకసారి పైకెక్కితే ఆ ముఖం మళ్లీ చేతికి రాదు. రేకు మందం ఎంతో మాత్రమే అడిగి ఊరుకోకుండా, చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల పూత ఉందో రాతలో అడగాలి. ఆయుష్షు ఆ సంఖ్యను బట్టే ఉంటుంది. కొత్త రేకు జాతికి సరిపోయే క్లాంపులు, స్క్రూలు వాడాలి.

అంతా బిగించాక గొట్టం నోటిని గుడ్డతో మూసి, గట్టర్‌లో సగం దాకా నీళ్లు పోసి, పావుగంట ఆగి అడుగునంతా పొడి చేత్తో తడిమి చూడాలి. తడి తగిలిన అతుకును అప్పుడే సరిచేయించాలి. గుడ్డ తీసేశాక నీరంతా పోయిందో లేదో చూడాలి. ఎక్కడైనా చేతి వెడల్పు మడుగు మిగిలితే క్లాంపు మళ్లీ సర్దాలి. ఈ రెండూ కుదిరాకే పనివాడికి కూలి లెక్క కట్టాలి.